వెర్రి నారు నుండి పొట్టి వరి వరకు: జిబ్బరెల్లిన్ సంకేత చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వరి నారుమడిలో కనిపించే ఒక తెగులుకు కారణం వెదికే క్రమంలో ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో జపాను శాస్త్రవేత్తలు జిబ్బరెల్లిన్ అనే రసాయనాన్ని గుర్తించారు. మొదట శిలీంధ్రం స్రవించే తెగులు కారకంగా తెలిసిన ఈ పదార్థం తరువాత మొక్కల సొంత హార్మోనుగా, ఆపై నేల బ్యాక్టీరియాలు కూడా తయారుచేసే ఉమ్మడి సంకేతంగా రుజువైంది. హరిత విప్లవానికి ఆధారమైన పొట్టి వరి, పొట్టి గోధుమ రకాల రహస్యం కూడా ఇదే సంకేతంలో ఉన్నట్లు శతాబ్ది మలుపులో తేలింది. శిలీంధ్రం, మొక్క, బ్యాక్టీరియా అనే మూడు జీవవర్గాలు ఒకే అణువును వేరువేరు దారుల్లో చేరుకున్న తీరును, ఆ జ్ఞానం వెలువడిన క్రమాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఒక రసాయనం ఇచ్చే అర్థం దాని నిర్మాణంలో మాత్రమే లేదనీ, పంపేవారికీ అందుకునేవారికీ మధ్య ఉన్న సంబంధంలో కూడా ఉందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జిబ్బరెల్లిన్, బకానే తెగులు, రసాయన సంకేతం, శిలీంధ్రం, రైజోబియం, పొట్టి వరి, అభిసారి పరిణామం.

1. ఉపోద్ఘాతం:

నువ్వు చేలో పూత రావలసిన చోట ఆకుల గుత్తులు కనిపిస్తే తెలుగు రైతు దానిని 'వెర్రి తెగులు' అంటాడు. మొక్క తన స్వభావాన్ని మరచి ప్రవర్తిస్తున్నదన్న భావన ఆ పేరులో ఉంది. జపాను రైతు కూడా తన వరి నారుమడిలో తోటి మొక్కలను మించి సన్నగా, పాలిపోయి, ఏపుగా సాగిన నారును చూసి దానికి 'బకానే' అని పేరు పెట్టాడు. ఆ మాటకు 'వెర్రి నారు' అని అర్థం. ఈ రెండు తెగుళ్ళకు కారణాలు వేరు. నువ్వులో అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, వరిలో ఒక శిలీంధ్రం వల్ల వస్తుంది. అయినా రెండు నేలల రైతులూ ఒకే విషయాన్ని గమనించారు. మొక్క ఎండలేదు, కుళ్ళలేదు, దాని ప్రవర్తన మారింది. తనది కాని ఏదో ఆదేశానికి లోబడినట్లు పెరిగింది.

ఆ ఆదేశం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఒక శతాబ్దికి పైగా పట్టింది. మొక్కలు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు రసాయనాల ద్వారా పరస్పరం ప్రభావితం చేసుకుంటాయన్న విషయం నేడు జీవశాస్త్రంలో సుపరిచితం. ఆ విస్తృత రంగం నుండి జిబ్బరెల్లిన్ అనే ఒక్క అణువు చరిత్రను మాత్రమే ఈ వ్యాసం స్వీకరిస్తున్నది. దీనికి రెండు కారణాలున్నాయి. మూడు జీవవర్గాలూ తయారుచేసే సంకేతం కావడం మొదటిది. దీని చరిత్ర ఆద్యంతం వరి పొలంతో ముడివడి ఉండడం రెండవది. తైవాన్ నారుమడిలో మొదలైన ఈ కథ గోదావరి మండలాల వరి చేల మీదుగా, కరీంనగర్ విత్తన క్షేత్రాల మీదుగా సాగింది.

2. నారుమడిలో పుట్టిన ప్రశ్న:

బకానే తెగులు ప్రధానంగా విత్తనం ద్వారా వస్తుంది. తెగులు సోకిన గింజ మొలిచినప్పుడు నారు అసాధారణంగా పొడుగు సాగుతుంది. ఆకులు లేత పసుపు ఛాయకు తిరుగుతాయి. అటువంటి మొక్కల్లో చాలా భాగం వెన్ను వేయకముందే చనిపోతాయి. బతికినవి తాలు గింజలనే ఇస్తాయి. పెరుగుదల ఎక్కువై దిగుబడి లేకుండా పోవడం ఈ తెగులు లక్షణం. భారతదేశంలో ఈ తెగులు 1930ల ఆరంభంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నమోదైంది.

1898లో జపాను శాస్త్రవేత్త షోతారో హోరి ఈ తెగులుకు శిలీంధ్రమే కారణమని నిరూపించాడు. ఆ శిలీంధ్రం పేరు తరువాతి కాలంలో పలుమార్లు మారింది. లైంగిక దశ ఆధారంగా జిబ్బరెల్లా ఫుజికురోయి అనే పేరు 1931లో స్థిరపడింది. ప్రస్తుతం ఫ్యుజేరియం ఫుజికురోయి అని వ్యవహరిస్తున్నారు. హోరి నిరూపణతో తెగులు కారకం ఎవరో తెలిసింది గాని, శిలీంధ్రం ఉన్నంత మాత్రాన మొక్క ఎందుకు సాగుతుందన్నది తేలలేదు. శిలీంధ్రపు పోగులు ఏదో ప్రేరణ ఇస్తూ ఉండవచ్చునన్న ఆలోచనను తైవాన్‌లో పనిచేస్తున్న కెన్‌కిచి సవాడ 1912లో సూచించాడు.

తైవాన్ ఆనాడు జపాను పాలనలో ఉంది. జపానుకు ఎగుమతయ్యే బియ్యం అక్కడి వ్యవసాయ పరిశోధనకు ప్రధాన విషయం. జపాను అభిరుచికి తగినట్లు తైవాన్‌లో పండించిన వరికి 'పోన్‌లై' అని 1926లో పేరు పెట్టారు. అదే సంవత్సరం ఎయిచి కురొసావా అనే తెగుళ్ళ శాస్త్రవేత్త తన నిర్ణాయక ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. శిలీంధ్రాన్ని పోషక ద్రవంలో పెంచి, ఆ ద్రవం నుండి జీవకణాలను పూర్తిగా తొలగించి, మిగిలిన వడపోత ద్రవాన్ని ఆరోగ్యకరమైన వరి నారుకు ఇచ్చాడు. శిలీంధ్రం లేకుండానే నారు సాగింది. మరికొన్ని గడ్డిజాతి మొక్కలలో కూడా అదే ఫలితం కనిపించింది.

ఈ ప్రయోగ ప్రాధాన్యం గమనార్హం. తెగులు లక్షణాన్ని తెగులు కారక జీవి నుండి వేరు చేయవచ్చునని అది చూపింది. శిలీంధ్రం మొక్కను ముట్టుకోనవసరం లేదు, అది విడిచిన పదార్థం చేరితే చాలు. ఒక జీవి మరొక జీవి పెరుగుదలను దూరం నుండి రసాయనం ద్వారా మార్చగలదన్న భావనకు ఇది స్పష్టమైన ప్రయోగ నిదర్శనం.

3. పేరు, స్ఫటికం, మౌనం:

కురొసావా చూపిన ప్రభావాన్ని పదార్థ రూపంలో పట్టుకునే పనిని టోక్యో విశ్వవిద్యాలయంలో వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త తెయిజిరో యబుత చేపట్టాడు. మొదటి ఫలితం విచిత్రమైనది. 1934లో ఆయనకు లభించిన స్ఫటికం నారును పెంచకపోగా అణచివేసింది. అది ఫ్యుజారిక్ ఆమ్లం. ఒకే శిలీంధ్రం పెరుగుదలను ప్రేరేపించే పదార్థాన్నీ నిరోధించే పదార్థాన్నీ విడుస్తున్నదన్న మాట. వర్ధన ద్రవంలో ఏ పదార్థం ఎక్కువైతే ఆ ప్రభావం పైకి కనిపించేది. తొలి పరిశోధకులకు ఫలితాలు నిలకడగా రాకపోవడానికి ఇదొక కారణం.

1935లో యబుత పెరుగుదలను ప్రేరేపించే పదార్థాన్ని పాక్షికంగా శుద్ధి చేసి, శిలీంధ్రం పేరు మీదుగా 'జిబ్బరెల్లిన్' అని నామకరణం చేశాడు. 1938లో ఆయన, సహచరుడు యూసుకె సుమికి కలిసి దానిని స్ఫటిక రూపంలో సాధించారు. మొక్కల హార్మోను ఒకటి శిలీంధ్రపు పేరును శాశ్వతంగా మోస్తున్న వైచిత్రికి మూలం ఇక్కడుంది.

అదే కాలంలో ఐరోపాలో మొక్కల పెరుగుదలపై పరిశోధన మరో దారిలో వేగంగా సాగుతున్నది. ఫ్రిట్స్ వెంట్ 1920ల రెండవ అర్ధంలో ఓట్ మొలకల చిగుళ్ళ నుండి వ్యాపించే పదార్థాన్ని పట్టుకొని ఆక్సిన్ అధ్యయనానికి బాట వేశాడు. ఆక్సిన్ మొక్క లోపలి నుండి దొరికింది, కాబట్టి అది హార్మోను అయింది. జిబ్బరెల్లిన్ తెగులు శిలీంధ్రం నుండి దొరికింది, కాబట్టి తెగుళ్ళ శాస్త్రపు అరలో ఉండిపోయింది. పెరుగుదలను నియంత్రించే రెండు పదార్థాలు దాదాపు ఒకే దశకంలో వెలుగు చూసినా, పాశ్చాత్య వృక్ష శరీరధర్మ శాస్త్రం ఒకదానినే తన విషయంగా గుర్తించింది.

ఈ నిర్లక్ష్యానికి మరో కారణం భాష. జపాను పరిశోధన అధిక భాగం జపాను భాషలోనే వెలువడింది. తరువాత ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. కురొసావా ప్రయోగం నుండి పాశ్చాత్య ప్రయోగశాలలు ఈ పదార్థంపై దృష్టి పెట్టేంతవరకు రెండు దశాబ్దాలకు పైగా గడిచింది. 1957లో బ్రూస్ స్టోవ్, తోషియో యమాకి కలిసి ప్రచురించిన సమీక్షా వ్యాసం జపాను పరిశోధన చరిత్రను ఆంగ్ల పాఠకులకు విపులంగా అందించింది. అందులోని ఆధారాలలో కొన్ని అప్పటికే మూడు దశాబ్దాల నాటివి. విజ్ఞాన ప్రసారంలో భాష పాత్రను చర్చించేవారికి జిబ్బరెల్లిన్ చరిత్ర ఒక బలమైన ఉదాహరణ.

4. తెగులు పదార్థం హార్మోనుగా మారిన వైనం:

1950ల తొలి సంవత్సరాలలో అమెరికా, బ్రిటన్‌లలో పరిశోధన ఊపందుకుంది. 1954లో బ్రిటన్‌లోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ శాస్త్రవేత్తలు 'జిబ్బరెల్లిక్ ఆమ్లం' అనే శుద్ధ పదార్థాన్ని ప్రకటించారు. అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో ఫ్రాంక్ స్టోడోలా బృందం 1955లో 'జిబ్బరెల్లిన్ ఎక్స్' అని పిలిచిన పదార్థం కూడా ఇదే. అదే సంవత్సరం టోక్యో బృందం తాము గతంలో 'జిబ్బరెల్లిన్ ఎ' అన్నది మూడు వేరువేరు పదార్థాల మిశ్రమమని తేల్చింది. నేడు జీఏ1, జీఏ2, జీఏ3 అని వ్యవహరించే అణువులు అవే. జిబ్బరెల్లిక్ ఆమ్లమంటే జీఏ3.

పదార్థం చేతికి వచ్చాక దానిని ఏ మొక్కపై ప్రయోగించాలన్న ప్రశ్న కీలకమైంది. ఆరోగ్యంగా పెరిగే పొడుగు మొక్కపై దాని ప్రభావం అంతగా తెలియదు. మరుగుజ్జు మొక్కలపై మాత్రం ప్రభావం ఆశ్చర్యకరంగా ఉంది. బ్రిటన్‌లో బ్రయాన్, హెమింగ్ పొట్టి బఠాణీపై జిబ్బరెల్లిక్ ఆమ్లం వేసినప్పుడు అది పొడుగు రకంతో సమానంగా పెరిగింది. 1956లో కాలిఫోర్నియాలో బెర్నార్డ్ ఫిన్నీ ఒకే జన్యులోపం వల్ల మరుగుజ్జులైన మొక్కజొన్నలపై ప్రయోగించగా, వాటిలో కొన్ని సాధారణ ఎత్తుకు చేరుకున్నాయి.

ఈ ఫలితం నుండి సహజంగా ఒక తర్కం వెలువడింది. బయటి నుండి ఇచ్చిన పదార్థం లోపాన్ని పూరిస్తున్నదంటే, ఆరోగ్యకరమైన మొక్కలో ఆ పదార్థం సహజంగానే ఉండి ఉండాలి. 1956లో మార్గరెట్ రాడ్లీ, ఫిన్నీ బృందం వేరువేరుగా మొక్కల సారాలలో జిబ్బరెల్లిన్ వంటి ప్రభావాన్ని గుర్తించారు. 1958లో మాక్‌మిలన్, సూటర్ ఒక చిక్కుడు జాతి లేత గింజల నుండి జీఏ1ను శుద్ధ రూపంలో వేరుచేశారు. దానితో సందేహం తీరిపోయింది. శిలీంధ్రం మొక్కకు పరాయి పదార్థాన్ని ఇవ్వడం లేదు. మొక్క స్వయంగా వాడుకునే సంకేతాన్నే పోలిన దానిని మోతాదు మించి ఇస్తున్నది.

మొక్క లోపల ఆ సంకేతం చేసే పనులు ఒక్కొక్కటిగా తెలిశాయి. 1960లో లెస్లీ పాలెగ్ ఆస్ట్రేలియాలోను, హరుగొరో యోమో జపానులోను బార్లీ గింజపై స్వతంత్రంగా చేసిన పరిశోధన వాటిలో ముఖ్యమైనది. మొలకెత్తే గింజలో పిండం నుండి జిబ్బరెల్లిన్ వెలువడి, గింజ పైపొరకు చేరి, అక్కడ పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము తయారయ్యేలా చేస్తుంది. 'ఆకలిగా ఉంది' అని పిండం పంపిన కబురుకు గింజ గాదె తలుపు తెరిచినట్లన్న మాట. సమాచార వినిమయం వేరువేరు జీవుల మధ్యనే గాక, ఒకే జీవి అవయవాల మధ్య కూడా అదే అణువుతో జరుగుతున్నదని దీనితో స్పష్టమైంది.

ఇక్కడ ఒక చారిత్రక అంశం ప్రస్తావనార్హం. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ ప్రయోగాలలో పొడుగు, పొట్టి అనే జంట లక్షణం సుప్రసిద్ధం. ఆ తేడాకు మూలమైన జన్యువు జిబ్బరెల్లిన్‌ను క్రియాశీల రూపంలోకి మార్చే ఎంజైముకు చెందినదని 1997లో తేలింది. జన్యుశాస్త్రపు తొలి పాఠంలోనే ఈ సంకేతం పేరు లేకుండా దాగి ఉందన్న మాట.

5. పొట్టి వరి: సంకేతం తగ్గినచోట పెరిగిన దిగుబడి:

బకానే సోకిన వరికీ, హరిత విప్లవపు వరికీ మధ్య సంబంధం పైకి కనిపించదు. ఒకటి అతిగా సాగిన మొక్క, రెండవది పొట్టిది. అవి ఒకే అక్షం మీది రెండు కొసలని తెలియడానికి జన్యు పరిశోధన అవసరమైంది.

పాత పొడుగు వరి రకాలకు నత్రజని ఎరువు ఎక్కువగా వేస్తే మొక్క మరింత ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు తోడు గాలివాన తగిలినప్పుడు చేను పడిపోయేది. ఎరువు వల్ల కలిగిన లాభం నేలపాలయ్యేది. ఈ చిక్కుకు పరిష్కారం తైవాన్‌కు చెందిన దీ-జియో-వు-జెన్ అనే పొట్టి వరిలో దొరికింది. తైవాన్‌లో దీని నుండి తైచుంగ్ నేటివ్-1 రకం 1956లో వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఇదే పొట్టి వరిని ఇండోనేషియాకు చెందిన పేట రకంతో సంకరపరచి రూపొందించిన ఐ.ఆర్.8 రకం 1966 నవంబరులో విడుదలైంది. వెర్రి నారు రహస్యం మొదట విప్పిన ద్వీపం, పొట్టి వరిని ప్రపంచానికి ఇచ్చిన ద్వీపం ఒకటే కావడం కాకతాళీయమే. కాని ఆ రెండింటి మధ్య సంబంధం కాకతాళీయం కాదని తరువాత తేలింది.

తెలుగునాట ఈ మార్పు వేగంగా ప్రవేశించింది. 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో ఐ.ఆర్.8ను సాగుచేసి, ఆ వరి విత్తన వ్యాప్తిలో పేరు పొందారు. తైచుంగ్ నేటివ్-1 జనకంగా రూపొందిన జయ రకం 1968లో విడుదలైంది. బాపట్ల పరిశోధన స్థానం 1986లో అందించిన సాంబ మసూరి వంశావళిలో కూడా తైచుంగ్ నేటివ్-1 ఉంది. తెలుగు ఇంటి అన్నపు పళ్ళెంలోకి తైవాన్ పొట్టి వరి వంశం ఈ విధంగా చేరింది.

ఈ రకాలు ఎందుకు పొట్టివన్న ప్రశ్నకు సమాధానం సాగు మొదలైన మూడు దశాబ్దాల తరువాత గాని దొరకలేదు. 2002లో వేరువేరు బృందాలు స్వతంత్రంగా ఒకే నిర్ణయానికి వచ్చాయి. దీ-జియో-వు-జెన్ వరిలో జిబ్బరెల్లిన్ తయారీకి అవసరమైన ఒక ఎంజైము జన్యువులో 383 బేస్ జతల భాగం లోపించింది. దానితో కాండంలో జిబ్బరెల్లిన్ తగ్గి, కణుపుల మధ్య భాగాలు కురచబారాయి. అటువంటి పనే చేసే మరో జన్యువు పూత భాగాలలో చెక్కుచెదరకుండా ఉన్నందువల్ల గింజ కట్టడానికి నష్టం కలగలేదు.

గోధుమ కథ దీనికి భిన్నంగా ఉంది. జపాను వారి నోరిన్-10 గోధుమ నుండి వచ్చిన పొట్టి జన్యువులను బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ కేంద్రం శాస్త్రవేత్తలు 1999లో గుర్తించారు. ఆ గోధుమలో జిబ్బరెల్లిన్‌కు కొరత లేదు. దానికి స్పందించే శక్తి తగ్గింది. పొట్టి వరికి మాట కరవైతే, పొట్టి గోధుమకు వినికిడి మందగించింది. ప్రపంచంలోని రెండు ప్రధాన తిండిగింజల దిగుబడి ఒకే సంకేతంలోని రెండు వేరు లోపాల మీద ఆధారపడి పెరిగింది. ఆ పైర్లను రూపొందించినవారు మాత్రం ఆ సంకేతాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు. చేలో నిలిచిన మొక్కను ఎన్నుకున్నారు, అంతే.

దీనికి కొసమెరుపు తెలంగాణ విత్తన క్షేత్రాలలో ఉంది. కరీంనగర్, వరంగల్ ప్రాంతాలు సంకర వరి విత్తనోత్పత్తికి దేశంలో ముఖ్య కేంద్రాలు. విత్తనోత్పత్తిలో వాడే పురుషవంధ్య వరుసలలో వెన్ను పొట్టలో నుండి పూర్తిగా బయటికి రాదు. వెన్నులు వెలువడడం మొదలైన దశలో రైతులు జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని పిచికారీ చేసి వాటిని బయటికి రప్పిస్తారు. ఆ జిబ్బరెల్లిక్ ఆమ్లం నేటికీ ప్రధానంగా ఫ్యుజేరియం ఫుజికురోయి శిలీంధ్రాన్ని పులియబెట్టే పద్ధతిలోనే తయారవుతున్నది. నారును వెర్రిదాన్ని చేసిన శిలీంధ్రం నుండే విత్తన రైతుకు సహాయం అందుతున్నది.

6. సంకేతాన్ని వినే యంత్రాంగం:

సంకేతం పనిచేయాలంటే దానిని అందుకునే గ్రాహకం ఉండాలి. జిబ్బరెల్లిన్ గ్రాహకాన్ని నగోయా విశ్వవిద్యాలయ బృందం 2005లో ప్రకటించింది. అది దొరికింది కూడా వరిలోనే. ఎంత జిబ్బరెల్లిన్ ఇచ్చినా స్పందించని ఒక మరుగుజ్జు వరి ఉత్పరివర్తకం ఆ గుట్టు విప్పింది.

ఆ యంత్రాంగాన్ని సులభంగా ఇలా వివరించవచ్చు. మొక్క కణాలలో డెల్లా అనే ప్రోటీన్లు పెరుగుదలకు పగ్గాలు వేసి ఉంచుతాయి. జిబ్బరెల్లిన్ గ్రాహకానికి అంటుకున్నప్పుడు ఆ జంట డెల్లా ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అలా పట్టుబడిన డెల్లాను కణం తన వ్యర్థ విచ్ఛేదన వ్యవస్థకు అప్పగించి నాశనం చేస్తుంది. పగ్గం తొలగి మొక్క సాగుతుంది. అంటే జిబ్బరెల్లిన్ పెరగమని పురికొల్పడం లేదు, పెరగవద్దన్న ఆజ్ఞను రద్దు చేస్తున్నది. పొట్టి గోధుమలో జరిగినదేమంటే, డెల్లా ప్రోటీన్‌లో గ్రాహకానికి చిక్కే భాగం లోపించి, పగ్గం ఎప్పటికీ తొలగకుండా ఉండిపోయింది.

శిలీంధ్రానికి ఇందులో ఏమి లాభమన్న ప్రశ్నకు కూడా డెల్లా ప్రోటీన్లే దారి చూపాయి. అవి పెరుగుదలను అణచడంతో పాటు, జాస్మోనేట్ అనే మరో హార్మోను నడిపే రక్షణ వ్యవస్థకు తోడ్పడతాయి. డెల్లా నాశనమైతే మొక్క సాగుతుంది, దానితోపాటు ఆ రక్షణ బలహీనపడుతుంది. రైతు కంటికి కనిపించిన పొడుగు శిలీంధ్రం ఆశించిన ప్రధాన ఫలితం కాకపోవచ్చు. కోట లోపలివారికి తెలిసిన సంకేతాన్ని బయటివాడు పలికి కాపలాను సడలించినట్లుగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. మొక్క తన జిబ్బరెల్లిన్ పని ముగిసిన తరువాత అణువులో ఒక నిర్దిష్ట స్థానంలో మార్పు చేసి దానిని నిర్వీర్యం చేస్తుంది. శిలీంధ్రం తయారుచేసే జీఏ3కి, మొక్క వాడే జీఏ1కి మధ్య తేడా ఒక్క ద్విబంధం మాత్రమే. ఆ ద్విబంధం సరిగ్గా ఆ మార్పు జరగవలసిన చోట అడ్డుగా నిలుస్తుంది. మొక్క తాను పలికిన మాటను తుడిచివేయగలదు గాని, శిలీంధ్రం పలికిన మాటను ఆ పద్ధతిలో తుడిచివేయలేదు.

7. మూడు జీవవర్గాలు, మూడు దారులు:

మొక్కకూ శిలీంధ్రానికీ ఒకే సంకేతం ఎలా వచ్చిందన్నది తరువాతి ప్రశ్న. శిలీంధ్రం దానిని ఎప్పుడో మొక్క నుండి జన్యు రూపంలో సంగ్రహించి ఉంటుందని ఊహించడానికి అవకాశముంది. 1990ల చివరి నుండి జర్మనీలో బెట్టినా టుడ్జిన్‌స్కీ బృందం చేసిన పరిశోధన ఈ ఊహకు భిన్నమైన సమాధానమిచ్చింది. శిలీంధ్రంలో జిబ్బరెల్లిన్ తయారీకి అవసరమైన ఏడు జన్యువులు ఒకే చోట గుంపుగా ఉన్నాయి. మొక్కలో అటువంటి జన్యువులు విడివిడిగా ఉన్నాయి. తయారీ తొలిమెట్టులో మొక్క రెండు వేరు ఎంజైములను వాడితే, శిలీంధ్రం రెండు పనులూ చేసే ఒకే ఎంజైమును వాడుతుంది. చివరి మెట్లలో మొక్క వాడే ఎంజైముల కుటుంబం వేరు, శిలీంధ్రం వాడేది వేరు. గమ్యం ఒకటే అయినా దారులు వేరు. ఇది అభిసారి పరిణామానికి నిదర్శనమన్న వాదం బలపడింది.

మూడవ దారి బ్యాక్టీరియాలది. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలో నత్రజనిని స్థిరీకరించే రైజోబియాలలో జిబ్బరెల్లిన్ జన్యువుల వరుస ఉన్నట్లు గుర్తించారు. సోయాచిక్కుడుతో సహజీవనం చేసే బ్రాడీరైజోబియంలో ఆ జన్యువులు చేసే పని గత దశాబ్దంలో మెట్టు మెట్టుగా స్పష్టమైంది. బ్యాక్టీరియా ఎంజైములు మొక్క ఎంజైములతోను, శిలీంధ్ర ఎంజైములతోను దగ్గరి పోలిక లేనివి. అంటే మూడు జీవవర్గాలు ఒకే అణువుల కుటుంబాన్ని స్వతంత్రంగా నిర్మించుకున్నాయి.

బ్యాక్టీరియాల విషయంలో అత్యంత విలువైన అంశం తయారీ ఎక్కడ ఆగుతుందన్నది. సాధారణంగా రైజోబియాలు జీఏ9 అనే పూర్వగామి దగ్గర ఆగిపోతాయి. అది స్వయంగా క్రియాశీలం కాదు. దానిని జీఏ4గా మార్చే ఆఖరి మెట్టు ఆతిథ్యమిచ్చే మొక్క చేతిలో ఉంటుంది. వరిలో ఆకుచార తెగులు కలిగించే జాంథోమొనాస్ బ్యాక్టీరియాలో ఇదే వరుసలో మరొక జన్యువు అదనంగా ఉంది. దాని సాయంతో ఆ బ్యాక్టీరియా జీఏ4ను స్వయంగా తయారుచేసి మొక్క రక్షణను సడలిస్తుంది. సహజీవి వాక్యాన్ని అసంపూర్ణంగా వదిలి పూర్తిచేసే అధికారాన్ని మొక్కకు ఇస్తుంది. తెగులు కారకం ఆ వాక్యాన్ని తానే పూర్తిచేస్తుంది. మిత్రునికీ శత్రువుకూ మధ్య తేడా ఇక్కడ ఒక్క ఎంజైములో ఇమిడి ఉంది.

8. 'సంభాషణ' అనే మాట – పరిమితులు:

ఈ వ్యాసంలో మాట, వినికిడి, వాక్యం వంటి రూపకాలు వాడబడ్డాయి. వాటి పరిమితిని గుర్తించడం అవసరం. జీవుల సంకేతాలను సైద్ధాంతికంగా విశ్లేషించిన జాన్ మేనార్డ్ స్మిత్, డేవిడ్ హార్పర్ 2003లో ఒక స్పష్టమైన విభజన చేశారు. పంపే జీవికి కలిగే ఫలితం కోసం పరిణమించి, అందుకునే జీవి స్పందన కూడా అందుకు అనుగుణంగా పరిణమించినప్పుడే దానిని సంకేతం అనాలి. అందుకునే జీవి ఏదో ఒక లక్షణాన్ని తన ప్రయోజనం కోసం పసిగడితే అది సూచన మాత్రమే. అందుకునే జీవికి ఎంపిక లేకుండా చేస్తే అది బలవంతం.

ఈ కొలతతో చూస్తే బార్లీ గింజలో పిండం పంపే జిబ్బరెల్లిన్ నిజమైన సంకేతం. ఫ్యుజేరియం శిలీంధ్రం ఇచ్చే జిబ్బరెల్లిన్ ఆ కోవలోకి రాదు. వరిలోని గ్రాహకం తన సొంత జిబ్బరెల్లిన్ కోసం ఏర్పడింది, శిలీంధ్రం ఆ ఏర్పాటును వాడుకుంటున్నది. దానిని దొంగ ముద్రతో పంపిన ఉత్తరువు అనడం సముచితం. రైజోబియం స్థితి ఈ రెండింటికీ నడుమ ఉంది. వేరుబుడిపె పరిమాణంపై దాని జిబ్బరెల్లిన్‌కు ప్రభావమున్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ పరిమాణం బ్యాక్టీరియాకూ మొక్కకూ సమాన లాభం కాకపోవచ్చు. అందువల్లనే ఆఖరి మెట్టు మొక్క అధీనంలో ఉండడానికి ప్రాధాన్యం ఉంది.

కాబట్టి మొక్కలు, సూక్ష్మజీవులు 'మాట్లాడుకుంటాయి' అన్న జనరంజకమైన వర్ణన పాక్షిక సత్యం. రసాయన వినిమయంలో పలకరింపు ఉంది, బేరసారం ఉంది, మోసం కూడా ఉంది. అణువు ఒక్కటే అయినా ఈ మూడింటిలో ఏది జరుగుతున్నదో నిర్ణయించేది ఆ జీవుల మధ్య ఉన్న సంబంధం.

ముగింపు:

జిబ్బరెల్లిన్ చరిత్రలో జ్ఞానం వెలువడిన క్రమం ప్రకృతిలోని క్రమానికి తలకిందులుగా ఉంది. మొక్క తన పెరుగుదల కోసం వాడుకుంటున్న సంకేతం మనిషికి మొదట దాని దుర్వినియోగం ద్వారా తెలిసింది. వికారం ముందు కనిపించింది, సహజ ధర్మం తరువాత అర్థమైంది. పంట నష్టం పరిశోధనకు దారి చూపింది గనుక, నష్టం కలిగించని సహజీవి పలుకు అన్నిటికన్నా ఆలస్యంగా వినబడింది.

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఒక పదార్థాన్ని విషమనో హార్మోననో వర్గీకరించడం అది మొదట ఎక్కడ దొరికిందన్న చారిత్రక సందర్భంపై ఆధారపడుతుంది. ఆ వర్గీకరణ తరువాతి పరిశోధనను దశాబ్దాలపాటు ఆపగలదు. రెండవది, స్థానిక భాషలో వెలువడిన మౌలిక పరిశోధన ఇతర భాషలవారికి అందకపోవడం వల్ల జరిగే నష్టం ఆ భాషకు మాత్రమే పరిమితం కాదు, ఆ శాస్త్రానికంతటికీ వర్తిస్తుంది. మూడవది, పైర్ల అభివృద్ధిలో ఎత్తు, దిగుబడి వంటి లక్షణాల వెనుక మొక్కకూ సూక్ష్మజీవులకూ ఉమ్మడిగా ఉన్న సంకేత వ్యవస్థలున్నాయి. వాటిలో ఒకదానిని మార్చినప్పుడు పెరుగుదలతో పాటు తెగుళ్ళ నిరోధం, సహజీవనం కూడా ప్రభావితం కాగలవు. కొత్త వంగడాలను ఎన్నుకునేటప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడవలసిన అవసరాన్ని జిబ్బరెల్లిన్ చరిత్ర గుర్తుచేస్తున్నది.

నారుమడిలో తోటి మొక్కల కన్నా ఎత్తుగా నిలిచిన నారును జపాను రైతు వెర్రిది అన్నాడు. పరాయి ఆదేశానికి లోబడిన మొక్కకు ఆ పేరు తగినదే. శాస్త్రం ఆ పేరును కాదనలేదు, ఆ ఆదేశం ఎవరిదో, దానిని మొక్క ఎందుకు నమ్మిందో వివరించింది.